దోస్తోయెవ్‌స్కీ అప్పుల పద్దు స్టెనో చేతికొచ్చాక

రష్యన్ రచయిత దోస్తోయెవ్‌స్కీ పెళ్లి కథ అనగానే అందరూ ఆయన 26 రోజుల్లో చెప్పి రాయించిన 'గ్యాంబ్లర్' నవల దగ్గరే ఆగిపోతారు. 1866 అక్టోబర్, ఆయన చెప్తుంటే షార్ట్‌హ్యాండ్‌లో రాసుకునే 20 ఏళ్ల స్టెనో అన్నా స్నిత్కినా, నవంబర్ 1 లోపు కొత్త నవల ఇవ్వకపోతే ఆయన రచనల్ని 9 ఏళ్లు ఊరికే అచ్చేసుకోవచ్చని స్తెలోవ్‌స్కీ అనే పబ్లిషర్ రాయించుకున్న అగ్రిమెంట్. బాగుంటుంది, కాదనను, కానీ ఆ నవలతో గండం గడిచింది అంతే, అప్పు ఎక్కడికీ పోలేదు.

అందులో చాలా వరకు ఆయన చేసిన అప్పు కూడా కాదు. 1864లో అన్నగారు మిఖాయిల్ పోతే, ఆయన నడిపిన పత్రిక బాకీలన్నీ తన నెత్తినేసుకున్నాడు. మీ అన్న నాకివ్వాలి అని ఎవరొచ్చినా కాగితం అడక్కుండా నమ్మేసి నోటు రాసిచ్చేవాడట. జూదం గురించి జనం ఎప్పుడూ మాట్లాడేదే, నాకైతే ఈ మొహమాటమే పెద్ద జబ్బు అనిపిస్తుంది.

నాలుగేళ్లు విదేశాల్లో ఉండి 1871లో పీటర్స్‌బర్గ్ తిరిగొచ్చేసరికి బాకీ దాదాపు 25 వేల రూబుళ్లు. అప్పటికి అన్నా ఆయన భార్య, స్టెనో పని మాత్రం మానలేదు, దానికి తోడు అప్పులవాళ్లతో మాట్లాడే పని కూడా ఆయన్ని పక్కన పెట్టి తనే తీసుకుంది. ఒకాయనొచ్చి సామాను జప్తు చేయిస్తా, మీ ఆయన్ని అప్పుల జైల్లో పెట్టిస్తా అన్నాడు. ఇల్లు నా పేరు మీద అద్దెకి తీసుకున్నది, సామాను వాయిదాల మీద కొన్నది, ముట్టుకోలేవు అంది. జైల్లో పెట్టిస్తే పక్కనే ఇల్లు తీసుకుని పిల్లల్తో రోజూ వెళ్లి చూసొస్తా, నీకు కోపెక్కు రాదు సరికదా ఆయన తిండి ఖర్చు కూడా నువ్వే కట్టాలి అంది, అప్పటి రూలు అదే మరి. ఆ అప్పులాయన దిగొచ్చి వాయిదాలకి ఒప్పుకున్నాడు.

సరే, వాయిదా కట్టడానికైనా డబ్బు రావాలిగా. అడ్వాన్స్ తీసుకుని రాసే మనిషికి రేటు అడిగే బలం ఎక్కడుంటుంది, లాభం పబ్లిషర్‌కే పోతుంది. ఆమె పట్టుకున్న పాయింటు ఇదే. 1873లో 'డెమన్స్' నవలని సొంతంగా 3,500 కాపీలు వేయించి, ఎన్ని కాపీలకి ఎంత కమిషనో తనే తేల్చి, ఇంటి దగ్గరే పుస్తకాల షాపులవాళ్లకి అమ్మింది. మొదటి రోజే 115 పోయాయి.

అంత చేసినా బాకీలు తీరింది 1881లో ఆయన పోవడానికి ఏడాది ముందు, పెళ్లైన 13 ఏళ్లకి. 'కరమజోవ్ సోదరులు' రాస్తున్నప్పుడు కూడా ఇంట్లో ఆ వాయిదాల లెక్క నడుస్తూనే ఉంది.