ట్రెజరర్ గారి టీబ్యాగులు

పటమటలో మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగుకు జనం వచ్చేది టీ కోసం. సెక్రటరీ గారి ముందు ఈ మాట అంటే నొచ్చుకుంటారు గానీ, ఆదివారం సాయంత్రం అయిదింటికి మీటింగని నోటీసు పెడితే, సందు చివర టీకొట్టు నుంచి ఫ్లాస్కు వచ్చే అయిదున్నర దాకా ఒక్క కుర్చీ నిండదు. అల్లం దంచి వేసిన టీ. మూత తీయగానే సెల్లారంతా వాసన. ఆ వాసనకి మెయింటెనెన్స్ బాకీ ఉన్నవాళ్లు కూడా తెగించి కిందికి దిగుతారు.

ఈసారి ట్రెజరర్ గారు లెక్క తీశారు. కప్పు 10 రూపాయలు, మనిషికి రెండు కప్పులు, పిల్లలు, పైగా ఎవరింటికో వచ్చిన చుట్టాలు. "టీకే ఇంత తగలేస్తే లిఫ్టుకేం మిగులుతుందండీ?" అన్నారు. లిఫ్టుకు మిగిల్చే ఉద్దేశం ఆయనకు ఏనాడూ లేదు, అది వేరే సంగతి. ఫ్లాస్కు రద్దయింది. దాని బదులు, ఒకటి కొంటే ఒకటి ఫ్రీ అని సూపర్‌మార్కెట్లో పెట్టిన టీబ్యాగు డబ్బాలు, గృహప్రవేశంలో ఆయనకెవరో చదివించగా ఇన్నాళ్లూ అట్టపెట్టె విప్పని ఎలక్ట్రిక్ కెటిల్, రెండు లీటర్ల పాలు వచ్చాయి. ఎవరి టీ వాళ్లు ముంచుకోవడమే.

అజెండాలో ఉన్నది ఒకటే అంశం, లిఫ్టు బ్యాటరీ. మాది పాతకాలపు గ్రిల్ గేట్ల లిఫ్టు. కరెంటు పోతే ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. ఏఆర్‌డీ అని ఒక పరికరం పెట్టిస్తే, కరెంటు పోయినా బ్యాటరీ మీద లిఫ్టును దగ్గర్లోని అంతస్తుకు చేర్చి ఆపుతుంది. అది పెట్టించమని మోకాళ్ల నొప్పులున్న 402 గారు ప్రతి మీటింగులోనూ అడుగుతారు. ప్రతి మీటింగులోనూ ట్రెజరర్ గారు నవ్వి, "ఇప్పుడు కరెంటు ఎక్కడ పోతోందండీ?" అంటారు. (మా దగ్గర మనుషులకు పేర్లుండవు, ఫ్లాట్ నంబర్లే. ట్రెజరర్ గారికి మాత్రం పదవి ఉంది.)

మొదటి కప్పు 204 వాళ్లమ్మాయి చేసింది. లండన్‌లో చదువుకుని వచ్చిన పిల్ల. కెటిల్లో నీళ్లు తెర్లే దాకా ఆగి, అప్పుడు బ్యాగు మీద పోసి, కప్పు మీద సాసర్ మూతపెట్టి నాలుగు నిమిషాలు ముట్టుకోలేదు. అప్పటికే ఇద్దరు ముగ్గురు "ఏమ్మా, ఇంకా కాలేదా?" అన్నారు. తర్వాత బ్యాగు తీసి, పిండకుండా పక్కన పెట్టి, ఒక్క చెంచా పాలు కలిపింది. నాకూ రెండు గుక్కలు ఇచ్చింది. నిజం చెప్పొద్దూ, బాగుంది. రాగి రంగు, తేలికపాటి వగరు, నాలుకకు అంటుకోని రుచి. ఒక్కరే కూర్చుని పేపరు చదువుకునే పొద్దుటిపూటకి బ్రహ్మాండమైన టీ. అపార్ట్‌మెంట్ మీటింగుకు చాలదు. మీటింగుకి కావాల్సింది అరిస్తే తట్టుకునే టీ.

103 పెద్దాయన రుచి చూసి కప్పు కింద పెట్టేశారు. "అమ్మాయ్, ఇది టీయా, టీ గిన్నె తొలిపిన నీళ్లా?"

301 మాస్టారు ఊరుకోలేదు. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైన ఆయన. "తప్పు బ్యాగుది కాదండీ. సంచిలో ఉండేది సుమారు రెండు గ్రాములు. టీ రుచి చూసేవాళ్ల కోసం 1980లో ఐఎస్‌ఓ 3103 అని అంతర్జాతీయ ప్రమాణమే పెట్టారు. 100 మిల్లీలీటర్ల నీళ్లకు 2 గ్రాముల ఆకు, మరిగిన నీళ్లు పోసి 6 నిమిషాలు ఆగాలి. మనం మూడు మునకలు వేయించి తీసి పారేస్తాం. అది దిగేదెప్పుడు?" అక్కడితో ఆగితే మాస్టారెందుకవుతారు? టీబ్యాగు పుట్టుపూర్వోత్తరాల్లోకి వెళ్లారు. 1908లో న్యూయార్కు వర్తకుడు థామస్ సల్లివన్ శాంపిల్ టీని పట్టు సంచుల్లో పంపితే, కొన్నవాళ్లు సంచి పళంగా నీళ్లలో వేసుకున్నారని కథట. కానీ అంతకు ముందే, 1903లోనే, అమెరికాలో మిల్వాకీ ఊరి ఆడవాళ్లిద్దరు, రొబెర్టా లాసన్, మేరీ మెక్‌లారెన్, టీ ఆకు సంచికి పేటెంట్ తీసుకున్నారట.

"కనిపెట్టింది ఆడవాళ్లు, పేరు మాత్రం ఆయనకా?" అన్నారు 302 గారు. ఆ మాటకు వాళ్లాయన ఎందుకో తల దించుకున్నారు.

ఇంతలో పంచదార తేలేదని తెలిసింది. "మా ఇంట్లో ఉంది, చిటికెలో తెస్తా" అని ట్రెజరర్ గారు నాలుగో అంతస్తుకు లిఫ్టెక్కారు. పంచదార అసోసియేషన్ ఖాతాలో రాయనని కూడా ఎక్కుతూ ఎక్కుతూ హామీ ఇచ్చారు.

ఆయన అటు వెళ్లగానే సెక్రటరీ గారికి ఆలోచన తట్టింది. "నీళ్లెందుకండీ, కెటిల్లో పాలే పోసేద్దాం. బ్యాగులన్నీ ఒకేసారి అందులో వేస్తే అందరికీ చిక్కటి టీ!" 204 వాళ్లమ్మాయి "అంకుల్, వద్దంకుల్" అంది. పెద్దవాళ్లు ఉత్సాహంలో ఉన్నప్పుడు చిన్నవాళ్ల మాట ఎవరికి వినపడుతుంది? పాల ప్యాకెట్లు చించారు. గొంతు దాకా పోశారు. డబ్బాలో సగం బ్యాగులు వేశారు. దారాలు మునగకుండా కాగితపు చీటీలన్నీ కెటిల్ మూతి చుట్టూ బయటికి వేలాడదీస్తే, గుమ్మానికి తోరణం కట్టినట్టే ఉంది. 302 గారు ఫోటో కూడా తీశారు.

"అలా చెయ్యకూడదండీ" అని మాస్టారు మొదలుపెట్టారు. ఆయన ఏదీ మధ్యలోంచి చెప్పరు. "నీళ్లు పొంగవు, పాలు పొంగుతాయి, ఎందుకూ? పాలలో ఉన్న ప్రోటీన్లు, కొవ్వు పైకి చేరి పొర కడతాయి. కింద పుట్టిన ఆవిరికి దారి దొరకదు. పొరను ఎత్తుకుని లేస్తుంది. ఇక కెటిల్ దానంతటది ఎలా ఆగుతుంది? లోపల రెండు లోహాలు అతికించిన బద్దీ ఉంటుంది. నీళ్లు మరిగాక ఆవిరి వెళ్లి దానికి తగిలితే వంగుతుంది, స్విచ్ పడుతుంది. పాల విషయంలో మాత్రం ఆవిరి అక్కడికి చేరే లోపే నురగ..."

నురగే వచ్చేసింది. లేత గోధుమరంగు నురగ, మూత ఎత్తుకుని, చీటీలను ముందుకు తోసుకుంటూ టేబుల్ మీదికి దిగింది. మినిట్స్ పుస్తకం ఒక అంచు తడిసింది. అడుగంటిన పాల మాడు వాసన సెల్లారంతా కమ్ముకుంది. పాలు కెటిల్ కింది దిమ్మెలోకి, అక్కణ్నుంచి పక్కనున్న ఎక్స్‌టెన్షన్ బాక్సులోకి పాకాయి. టప్పుమని ఒక చప్పుడు. ఫ్యాన్లు, లైట్లు, మోటారు, కామన్ మీటరు మీదున్నవన్నీ ఒక్కసారే ఆగాయి.

పై నుంచి గొంతు వినపడింది. "ఏయ్, ఎవరక్కడ? కరెంటు పోయిందా?"

402 గారు కుర్చీలోంచి లేవకుండానే, తల పైకెత్తి, చాలా మర్యాదగా అన్నారు. "ఇప్పుడు కరెంటు ఎక్కడ పోతోందండీ?"

అందరం మెట్లెక్కాం. లిఫ్టు రెండో అంతస్తుకీ ఒకటో అంతస్తుకీ మధ్యలో ఉంది. రెండో అంతస్తు గేటు దగ్గర వంగి చూస్తే నేలకు ఆనినట్టు ట్రెజరర్ గారి తల, ఆ పక్కన పంచదార డబ్బా కనిపిస్తున్నాయి. ప్యానెల్ గది తాళంచెవి ఎక్కడుందని వెతికితే అదీ ఆయన జేబులోనే ఉంది. గ్రిల్‌లోంచి బయటికి అందించారు. వాచ్‌మన్ వెళ్లి ఎంసీబీని, అంటే షార్టయితే కరెంటు ఆపేసే స్విచ్‌ని, పైకి తోస్తాడు, అది ఠక్కున కిందికి పడుతుంది. మళ్లీ తోస్తాడు, మళ్లీ పడుతుంది. ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేస్తే బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఉన్నానన్నాడు. ఆ మాటకు అర్థం ఏమిటో బెజవాడ వాళ్లకు చెప్పక్కర్లేదు.

ఈ గోలలో టీకొట్టతను వచ్చాడు. పిలవకుండానే వచ్చాడు. ఆదివారం ఫ్లాస్కు ఎందుకు చెప్పలేదో కనుక్కుందామని వచ్చినట్టున్నాడు. కెటిల్ చూశాడు, ఏమీ అనలేదు. మిగిలిన డబ్బాలోంచి ఒక బ్యాగు తీసి, చింపి, పొడి అరచేతిలో పోసుకుని వాసన చూశాడు.

"పొడి మంచిదేనండీ. మేం వాడేదీ డస్టే. దీన్ని సంచిలో కట్టేసి పాలల్లో పడేస్తే ఎట్టా దిగుద్దండీ? ముందు నీళ్లల్లో నల్లగా దిగాల. పాలు ఆనక."

మాస్టారు మారు మాట్లాడకుండా ఒప్పుకున్నారు. టీ తోటల్లో సీటీసీ యంత్రాల్లో పడి నలిగి, చిరిగి, ఉండలు చుట్టుకున్న ఆకును జల్లెడ పడితే చివర మిగిలే సన్నరకాలే ఫానింగ్స్, డస్టు. మామూలు టీబ్యాగుల్లోకి పోయేవీ, మన టీకొట్టు డబ్బాలో ఉండేవీ దాదాపు అన్నదమ్ములే. ఒకటి సూటు వేసుకుని వచ్చింది, అంతే.

టీకొట్టతను కత్తెర అడిగాడు. ఒక్కో బ్యాగు మూల కత్తిరించి పొడి పొట్లం కట్టుకున్నాడు. పిన్నులుంటాయేమోనని వేలితో కెలికి చూశాడు గానీ, వాటిలో దారం ముడులే. కొట్టుకెళ్లి నీళ్లు, అల్లం, పొడి మరిగించి, డికాషన్ దిగాక పాలు పోసి, రెండు పొంగులు రానిచ్చి ఫ్లాస్కుతో తిరిగొచ్చాడు. అమృతం అనను గానీ, 103 పెద్దాయన రెండో కప్పు అడిగారు.

గ్రిల్ సందులోంచి ట్రెజరర్ గారికీ ఒక కాగితం కప్పు అందించాం. చెమటలు కక్కుతూ ఒక గుక్క తాగారు. మొహం వెలిగింది. "చూశారా! టీబ్యాగులు దండగన్నారు!"

ఎవరూ నిజం చెప్పలేదు. ఇరుక్కున్న మనిషికి ఆ మాత్రం ఆనందం ఉండనిద్దామని.

ఖాళీ కప్పులు తీయడానికి టేబుల్ దగ్గరికి వెళ్లిన టీకొట్టతను అప్పుడు చూశాడు. "ఇదేందండీ, తడిసిన బాక్సు ఇంకా గోడకే పెట్టి ఉంచారు? పీకకుండా ఎంసీబీ ఎట్టా నిలబడుద్ది?" ప్లగ్గు మీద చెయ్యి వేయబోయాడు.

"ఆగు నాయనా, ఒక్క నిమిషం" అన్నారు 402 గారు. రెండో అంతస్తు గేటు వైపు తిరిగి గొంతు పెంచారు. "ట్రెజరర్ గారూ, ఏఆర్‌డీ తీర్మానం ఓటుకు పెడుతున్నాం. మీ అభిప్రాయం?"

లిఫ్టులోంచి చెయ్యి లేచింది. ఆ చేతిలో కప్పు కూడా ఉంది. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. మెయిన్ ఆపించి ప్లగ్గు పీకారు. వాచ్‌మన్ ఎంసీబీ ఎత్తితే ఈసారి నిలబడింది. ట్రెజరర్ గారు పంచదార డబ్బాతో సహా కిందికి దిగి, షర్టు సర్దుకుని, ముందుగా అడిగింది టీకి ఎంతయిందని.

"పొడి మీదే కదండీ. కప్పుకి రూపాయి తగ్గించా" అన్నాడు టీకొట్టతను.

"మంచి పని. అంటే తొమ్మిదేగా?"

"సంచులు కత్తిరించిన కూలి కప్పుకి రూపాయండీ."

"సంచులు కత్తిరించడం ఏమిటి?" అన్నారు ట్రెజరర్ గారు.