శాతం సరే, వైశాల్యం ఎంత?

పెరోవ్‌స్కైట్ అనే స్ఫటిక పదార్థంతో చేసే సౌర ఘటం సామర్థ్యం, అంటే పడ్డ ఎండలో కరెంటుగా మారే వంతు, 2009లో 3.8 శాతం. ఇప్పుడు ప్రయోగశాలల్లో 26 దాటింది. సిలికాన్‌కు దశాబ్దాలు పట్టిన దూరమిది. అయితే పరిశోధన పత్రాల్లో కనిపించే ఘటాలు చాలావరకు చదరపు సెంటీమీటరులో పదో వంతు ఉంటాయి, అంటే చిటికెన వేలి గోరులో ఇమిడిపోయేంత. అందుకే రికార్డు వార్త వచ్చినప్పుడు ముందు అడగాల్సింది వైశాల్యం.

కొలతలోనే మోసపోవచ్చు. 0.1 చదరపు సెంటీమీటరు ఘటానికి మాస్క్ (కొలిచే వైశాల్యం మేరకే వెలుతురు పడనిచ్చే రంధ్రపు పలక) పెట్టకపోతే చుట్టుపక్కల పడ్డ వెలుతురు కూడా కరెంటుగా మారుతుంది. అలా 0.01 కలిసినా చాలు, 20 శాతం ఘటం 22 చూపిస్తుంది. పైగా వోల్టేజీని పైనుంచి కిందికి తెస్తే ఒక ఫలితం, కిందినుంచి పైకి పెంచితే ఇంకొకటి. పొరలో అయోడైడ్ అయాన్లు కదలడం దీనికి ప్రధాన కారణం. గరిష్ఠ శక్తి బిందువు (ఘటం అత్యధిక శక్తి ఇచ్చే వోల్టేజీ) దగ్గర కొన్ని నిమిషాలు నిలకడగా వచ్చిన విలువ ఇవ్వని పత్రాన్ని నమ్మడం కష్టం.

ఇక పెద్దది చేద్దామంటే అసలు చిక్కు మొదలవుతుంది. ద్రావణాన్ని తిప్పుతూ పలుచని పొరగా పరిచే స్పిన్ కోటింగ్‌లో గాజు పలక గిర్రున తిరుగుతుండగా క్లోరోబెంజీన్ లాంటి యాంటీసాల్వెంట్ (పెరోవ్‌స్కైట్‌ను కరిగించని ద్రవం) చుక్కలు వేస్తారు. ద్రావణి ఒక్కసారిగా తగ్గి, స్ఫటిక బీజాలు దట్టంగా పుడతాయి. వేయాల్సిన సమయం కొన్ని సెకన్లే. తప్పితే సూది రంధ్రాలు మిగులుతాయి. పై పొర ఆ రంధ్రాల్లోంచి దిగి కింది పొరను తాకితే కరెంటు అడ్డదారిన కారిపోతుంది. పొర మందం 500 నానోమీటర్లు, కాబట్టి ఒక మైక్రాన్ దుమ్ము రేణువు దానికి రెండింతలు. చిన్న ఘటాలు ఇరవై చేసి బాగున్నదాన్ని చూపించవచ్చు. చాలా ఘటాలు కలిపి చేసే పెద్ద పలకలో, అంటే మాడ్యూల్‌లో, ఆ వెసులుబాటు లేదు, చెడ్డ చోటు కూడా అందులోనే ఉంటుంది.

వెలుతురును లోపలికి పంపుతూ కరెంటును మోసే పొర, అంటే పారదర్శక వాహకం, దాని నిరోధం మరో అడ్డంకి. చదరానికి (చదరం ఎంత పెద్దదైనా ఇదే విలువ) 10 ఓమ్‌ల పొర, చదరపు సెంటీమీటరుకు 20 మిల్లీఆంపియర్లు, 1 వోల్టు అనుకుంటే, 5 మిల్లీమీటర్ల పట్టీలో దాదాపు 1.7 శాతం శక్తి వేడిగా పోతుంది. వెడల్పు రెట్టింపైతే నష్టం నాలుగింతలై 6.7కు చేరుతుంది. అందుకే లేజర్‌తో పట్టీలుగా గీసి వరుసగా కలుపుతారు. పట్టీకి పట్టీకి మధ్య గీసే మూడు గీతల్లో, పెరోవ్‌స్కైట్‌ను తొలగించే రెండోదే మొండిది: పెరోవ్‌స్కైట్ కొంచెం మిగిలినా పక్క పట్టీతో కలిసే చోట నిరోధం పెరుగుతుంది, మరీ లోతుగా కాలిస్తే కింది వాహకమే చెడుతుంది.

మన్నిక సంగతి తెలిసిందే. వేడికి పెరోవ్‌స్కైట్‌లోని మిథైలమైన్ ఎగిరిపోయి పసుపు లెడ్ అయోడైడ్ మిగులుతుంది, వెండి ఎలక్ట్రోడ్ అయోడిన్‌తో కలిసి పాడవుతుంది. 85 డిగ్రీలు, 85 శాతం తేమలో 1000 గంటలు నిలవాలనే పరీక్ష అందుకే అంత కఠినం.

ప్రయోగశాల రికార్డుల్లో వెనకే ఉన్న కాడ్మియం టెల్యురైడ్ అనే మరో సౌర ఘటపు పదార్థం మాత్రం ఎన్నో ఏళ్లుగా ఫ్యాక్టరీల్లో తయారవుతోంది. వేడిచేస్తే రెండు మూలకాలూ సమపాళ్లలో ఆవిరై, వేడి గాజు మీద మళ్లీ అదే నిష్పత్తిలో పేరుకుంటాయి. ఒకవేళ ఒకటి ఎక్కువైనా, ఆ అదనపు భాగం ఆ వేడికి ఉండలేక లేచిపోతుంది. తర్వాత కాడ్మియం క్లోరైడ్‌తో 400 డిగ్రీల ప్రాంతంలో కాసేపు వేడిచేస్తే రేణువుల మధ్య లోపాలు చాలావరకు సర్దుకుంటాయి. కొన్ని సెకన్లలో చుక్క పడకపోతే చెడిపోయే దశ ఈ ప్రక్రియలో ఎక్కడా లేదు.