వ్యూస్ సరే, గిరాకి వస్తదా?

పోయిన దసరాకు నెలన్నర ముందు హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక చీరల షాపుకు వెళ్లాను. నాకోసం కాదు, ప్రచారం పని అడుగుదామని మా అక్క కూతురు తోడు రమ్మంటే. ఆ పిల్ల ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ పెట్టి అప్పటికి ఏడాదిన్నర అయింది. ఇంటి వంటలు, పండుగ పనులు, వాళ్ల నానమ్మ మాటలు పెడుతుంది. ఫాలోయర్లు 6 వేల పైచిలుకు. షాపాయన ఫోన్ తీసుకుని పేజీని పైకీ కిందికీ జరిపి చూశాడు. ఒక రీల్ దగ్గర ఆగాడు. లక్షా 20 వేల వ్యూస్. మా పిల్ల ముఖం వెలిగిపోయింది. ఆయన మాత్రం ఫోన్ చేతికిచ్చేసి ఒక్కటే అడిగాడు.

"వ్యూస్ సరే బిడ్డా, గిరాకి వస్తదా?"

ఆ లక్ష వ్యూస్ రీల్ కింద కామెంట్లన్నీ నవ్వుల బొమ్మలు, "నానమ్మ సూపర్" లాంటివి. ఎక్కడెక్కడి వాళ్లో చూశారు, నవ్వుకున్నారు, వెళ్లిపోయారు. మా పిల్ల కాసేపు తడబడింది. తర్వాత ఇంకో రీల్ తెరిచింది. బతుకమ్మ కోసం తంగేడు, గునుగు పూలు ఎక్కడ కొన్నదో చెప్పిన రీల్ అది. వ్యూస్ 11 వేలే. కానీ కింద "అక్కా, ఇది ఏ సెంటర్‌ల?", "పొద్దున ఎన్ని గంటలకు పెడుతరు?", "కట్ట ఎంత పడ్డది?" అని వరస కట్టి ప్రశ్నలు. షాపాయన కామెంట్లు ఒక్కొక్కటీ చదివాడు. అప్పుడు కుర్చీ చూపించి కూర్చోమన్నాడు.

కొత్త క్రియేటర్లు బ్రాండ్లతో ఎలా కలవాలి అని వెతికితే దొరికే సలహాలన్నీ దాదాపు ఒకే తీరున ఉంటాయి. మీ పేజీ వివరాలు, లెక్కలతో బ్రాండ్లకు చూపించే మీడియా కిట్ చేసుకో, పెద్ద కంపెనీల మార్కెటింగ్ వాళ్లకు మెయిల్ పెట్టు, ఏజెన్సీలో పేరు రాయించు. ముంబైలోనో హైదరాబాద్‌లోనో ఉన్నవాళ్లకు అవి పనికొస్తాయేమో. వరంగల్, కరీంనగర్, జగిత్యాలలో ఇప్పుడిప్పుడే మొదలుపెట్టినవాళ్లకు నేను వేరే మాట చెబుతాను. మీ మొదటి బ్రాండ్ మీరు రోజూ బండి మీద దాటిపోయే బోర్డే. ఆ బోర్డు కింద కూర్చున్న మనిషికి దేశమంతా చూసే పేజీతో పని లేదు. కాజీపేట నుంచి నర్సంపేట దాకా ఉన్నవాళ్లు చూస్తే చాలు. చేతిలో 60 వేల మంది ఫాలోయర్లుండి, అందులో సగానికి పైగా బెంగళూరు, హైదరాబాద్ వాళ్లయితే ఆయనకు మీరు దూరపు చుట్టమే. ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ లెక్కలు చూపే ఇన్‌సైట్స్‌లో ఫాలోయర్లు ఏ ఊళ్ల వాళ్లో కనిపిస్తుంది కదా, షాపు మెట్లెక్కే ముందు ఆ పేజీ స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకోండి. అదే మీ మీడియా కిట్.

ఇక్కడ మీకు పోటీ ఎవరో కూడా గుర్తుపెట్టుకోవాలి. ఆ షాపాయన మీ రేటును వేరే ఇన్‌ఫ్లుయెన్సర్ రేటుతో పోల్చి చూడడు. చౌరస్తాలో కట్టే ఫ్లెక్సీతో, పేపర్లో పెట్టి పంచే పాంప్లెట్‌తో, లోకల్ కేబుల్‌లో కింద పరుగెత్తే స్క్రోలింగ్‌తో, ఆటోకు మైకు కట్టి తిప్పే ప్రచారంతో పోలుస్తాడు. వాటికి ఎంత పెడుతున్నాడో అడిగి తెలుసుకుంటే సగం బేరం అయిపోయినట్టే. వెయ్యి మంది ఫాలోయర్లకు ఇంత అని నెట్‌లో తిరిగే లెక్కలున్నాయే, వాటిని నేనైతే నమ్మను. షూటింగ్‌కు ఎంతసేపు పోతుంది, ఎడిటింగ్‌కు ఎన్ని రాత్రులు, రానుపోను ఖర్చెంత, ఆ వీడియోను వాళ్లు ఎంతకాలం వాడుకుంటారు? మన రేటు వీటి నుంచి రావాలి.

ఆ రోజు కుదిరిన ఒప్పందం చిన్నదే. ఒక రీల్, రెండు స్టోరీలు. రీల్ చూసి వచ్చామని కౌంటర్ దగ్గర చెప్పినవాళ్లకు బ్లౌజ్ పీస్ ఉచితం. ఈ బ్లౌజ్ పీస్ ఆలోచన మా పిల్లదే. పెద్ద కంపెనీలు కూపన్ కోడ్ ఇచ్చి చేసేది ఇదే, కాకపోతే మన దగ్గర అది కాటన్ గుడ్డ ముక్క. షాపాయన అలా వచ్చినవాళ్ల బిల్లు మీద మూలకు ఎర్ర పెన్నుతో 'రీల్' అని రాసుకున్నాడు. సద్దుల బతుకమ్మ నాటికి బిల్లు బుక్కు తిప్పి లెక్కపెడితే 19 వచ్చాయి. ఆ 19 బిల్లుల ఫొటో ఇప్పుడు ఆ పిల్ల ఫోన్లో ఉంది. తర్వాతి షాపుకు పోయినప్పుడు ముందుగా అదే చూపిస్తోంది.

వేళ కూడా ముఖ్యమే. బట్టల షాపులు శ్రావణంలోనే సరుకు దించుకుంటాయి. పండుగ ప్రచారానికి ఎంత పెట్టాలో అప్పుడే మనసులో అనుకుంటాయి. ఎంగిలిపూల నాడు పోయి "కొలాబ్ చేద్దామా అన్నా" అంటే, కౌంటర్ ముందు నిలబడ్డ గిరాకిని వదిలి మీతో ఎవరు మాట్లాడతారు? కాలేజీలు, కోచింగ్ సెంటర్లకు ఎండాకాలం, బంగారం షాపులకు పెళ్లిళ్ల నెలలు, రెండేళ్లకోసారి మేడారం జాతర. ఈ క్యాలెండర్ ఉత్తర తెలంగాణలో పుట్టిపెరిగిన పిల్లలకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఏజెన్సీల వాళ్లకు తెలియనిది అదే.

పెద్ద ఊరికి పోకుండానే ఎంత దూరం పోవచ్చో చూడాలంటే జగిత్యాల జిల్లా లంబాడిపల్లి వైపు చూడండి. 2012లో అక్కడ మొదలైన మై విలేజ్ షో ఊరి యాసను, ఊరి మనుషులనే నమ్ముకుంది. పొలం పనులు చేసుకున్న గంగవ్వ 2020లో తెలుగు బిగ్‌బాస్ నాలుగో సీజన్ దాకా వెళ్లింది. అందరూ గంగవ్వ కాలేరు, నిజమే. అయితే యాసను దాచుకుని, టీవీ యాంకర్ తెలుగులో షాపు గురించి చెప్పే రీల్స్ చూసినప్పుడల్లా నాకు చిరాకేస్తుంది. మీ దగ్గరికి వచ్చిన బ్రాండ్ ఆ యాస కోసమే కదా వచ్చింది!

ఇక ఏది ఒప్పుకోకూడదు అన్న సంగతి. మా పిల్లకు డబ్బులిస్తామని వచ్చిన మొట్టమొదటి ఆఫర్ చీరల షాపుది కాదు. రంగులు ఊహించి పందెం కట్టే ఒక యాప్‌ది. ఒక్క స్టోరీకి షాపాయన రీల్‌కు ఇచ్చిన దానికంటే ఎక్కువ ఇస్తామన్నారు. తెలంగాణలో ఆన్‌లైన్ పందేలపై 2017 నుంచే నిషేధం ఉంది. 2025 మార్చిలో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేసిన ఇన్‌ఫ్లుయెన్సర్ల మీద, సినిమా వాళ్ల మీద కేసులు పెట్టారు. అదే ఏడాది ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ప్రకారం డబ్బు పెట్టి ఆడే ఆటలకు ప్రకటన ఇస్తే రెండేళ్ల దాకా జైలు, రూ.50 లక్షల దాకా జరిమానా. దీని మీద ఇంకా చర్చ ఏముంది, బ్లాక్ చేసేయడమే.

చర్చ ఉన్నది వెంచర్ల దగ్గర. వరంగల్ చుట్టూ రోడ్డు పడ్డ చోటల్లా ప్లాట్లు లేస్తున్నాయి. "ప్రీ లాంచ్ ఆఫర్, ఒక రీల్ చెయ్ తమ్మీ" అని అడిగేవాళ్లు పరాయివాళ్లు కారు, తెలిసినవాళ్లే, కొన్నిసార్లు చుట్టాలే. 500 చదరపు మీటర్లు మించిన స్థలంలో వేసే వెంచర్‌కు రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ దగ్గర రిజిస్ట్రేషన్ కాకముందు ప్రకటన ఇవ్వడమే చట్టం ఒప్పుకోదు. కాబట్టి రెరా నంబర్ అడగండి. నంబర్ చెప్పకుండా "అది వస్తది లే" అన్నారంటే లేచి రండి. చీర రంగు దిగితే చూసినవాళ్లు మహా అయితే రెండు మాటలు తిడతారు. ప్లాటు మునిగితే ఒక ఇంటి 20 ఏళ్ల కష్టం పోతుంది. అలా మునిగినవాళ్లు కంపెనీ ఆఫీసుకు ఎట్లా పోతారో తెలియదు కానీ, మీ ఇల్లు మాత్రం వాళ్లకు తెలుసు.

డబ్బు తీసుకుని చెప్పేటప్పుడు ఆ సంగతి చూసేవాళ్లకు చెప్పాలి. ప్రకటనల ప్రమాణాల మండలి ఆస్కీ 2021లోనే దీనికి నియమాలు పెట్టింది. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కూడా మార్గదర్శకాలు ఇచ్చింది. నగదు ఒక్కటే కాదు, ఉచితంగా వచ్చిన వస్తువు, డిస్కౌంట్, హోటల్ బస, చివరికి చుట్టరికం ఉన్నా చెప్పాల్సిందే. హ్యాష్‌ట్యాగుల గుంపులో ఎక్కడో దాస్తే కుదరదు. తప్పుదోవ పట్టించే ప్రకటనకు రూ.10 లక్షల దాకా, మళ్లీ చేస్తే రూ.50 లక్షల దాకా జరిమానా పడొచ్చు. ఏడాది పాటు ఏ ప్రకటనా చేయకుండా ఆపొచ్చు కూడా. "యాడ్ అని రాస్తే ఎవరు చూస్తరు?" అని షాపాయన కూడా అడిగాడు. మా పిల్ల రీల్ మొదట్లోనే "ఇది ప్రకటన, పైసలు తీసుకునే చెప్తున్న" అని నవ్వుతూ అనేసింది. ఆ నవ్వుకే కామెంట్లు ఎక్కువ వచ్చాయి.

ఇక కాగితం. అందరూ బద్ధకించేది ఇక్కడే, నష్టపోయేదీ ఇక్కడే. మా ఇంట్లోనే జరిగింది. సంక్రాంతికి ఒక బట్టల కంపెనీ, హైదరాబాద్‌దే, రెండు రీల్స్ చేయించుకుంది. మాటలన్నీ వాట్సాప్‌లోనే. "వచ్చే వారం వేస్తం మేడమ్" అంటూ నాలుగు నెలలు తిప్పారు. ఈలోపు ఎవరో స్నేహితురాలు ఫోన్ చేసి, నీ వీడియో నాకు యాడ్‌గా వస్తోంది అంది. చూస్తే అదే రీల్‌ను, చివర కంపెనీ బొమ్మ అతికించి, డబ్బు పెట్టి యాడ్‌గా నడుపుతున్నారు. ఒకసారి పెట్టే రీల్‌కు అనుకున్న రేటుతో నెలల తరబడి ప్రకటన నడిచింది. గట్టిగా అడుగుదామంటే ఏం చూపించి అడగాలి?

కాపీరైట్ చట్టంలో ఒక సంగతి చాలామంది క్రియేటర్లకు తెలియదు. 1957 నాటి ఆ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఎవరైనా ప్రతిఫలం ఇచ్చి వీడియో తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు దాని మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్లే. నా ముఖం, నా గొంతు, నా ఫోన్ అంటే సరిపోదు. అందుకే పని మొదలుపెట్టకముందే వీడియో హక్కు నాదే, మీరు ఇన్ని నెలలు మీ పేజీలో వాడుకోవచ్చు, యాడ్‌గా నడిపితే ఇంత అదనం అని ఒక మెయిల్ పెట్టి, వాళ్లతో 'ఓకే' అనిపించుకోవాలి. ఎన్నిసార్లు మార్పులు చేయాలి, డబ్బు ఏ తేదీకి, అడ్వాన్స్ ఎంత అన్నవి కూడా అందులోనే. లాయర్ అక్కర్లేదు, పది లైన్లు చాలు.

కేంద్ర ప్రభుత్వ ఉద్యమ్ పోర్టల్‌లో చిన్న సంస్థగా నమోదు చేసుకోవడం ఉచితం, ఆధార్, పాన్ ఉంటే చాలు. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం అలాంటివాళ్లకు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు మించి డబ్బు ఆపకూడదు. ఆపితే వడ్డీ కట్టాలి, అదీ రిజర్వ్ బ్యాంక్ బ్యాంక్ రేటుకు మూడింతలు, చక్రవడ్డీ. కంపెనీ వాళ్లకు ఇన్వాయిస్ మీద ఉద్యమ్ నంబర్ కనిపిస్తే మాట తీరు కాస్త మారుతుంది.

ఫ్రీగా వచ్చే వస్తువుల సంగతి కూడా చెప్పాలి. మొదట్లో ఒకటి రెండు బార్టర్‌లు, అంటే డబ్బుకు బదులు వస్తువు తీసుకునే బేరాలు, చేసుకోవచ్చు, నేను తప్పుపట్టను. హోటల్లో ఫ్రీగా మండీ బిర్యానీ తిని రీల్ పెట్టడం తేలికే, కానీ కరెంటు బిల్లు మండీతో కట్టలేం. పైగా 2022 జూలై 1 నుంచి ఒకే సంస్థ ఏడాదిలో ఇచ్చిన ఉచిత వస్తువుల విలువ రూ.20 వేలు దాటితే 10 శాతం టీడీఎస్, అంటే ఇచ్చేవాళ్లే ముందుగా కట్టే పన్ను, లెక్కలోకి వస్తుంది. రివ్యూకని ఇచ్చిన ఫోన్ తిరిగి ఇచ్చేస్తే గొడవ లేదు, ఉంచుకుంటే ఉంది.

మొన్న ఆ చీరల షాపు నుంచి మళ్లీ ఫోన్ వచ్చింది. పెళ్లిళ్ల సీజన్‌కు ఈసారి మూడు రీల్స్ కావాలట. మా పిల్ల పది లైన్ల కాగితం ప్రింట్ తీయించుకుని పోయింది, నేనూ వెంట వెళ్లాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని మొత్తం చదివాడు. యాడ్‌గా నడిపితే అదనం అన్న చోట ఒకసారి తలెత్తి చూశాడు, ఏమీ అనలేదు. సంతకం పెట్టి కాగితం ఇస్తూ, "అంత మంచిగనే ఉన్నది గని బిడ్డా, ఆ బ్లౌజ్ పీస్ ముచ్చట మళ్ల వద్దు. పోయినసారి రీల్ చూడనోళ్లు గూడ అడిగి తీస్కపోయిన్రు" అన్నాడు.