మొగిలయ్య పోయాక మనం రాసింది ఆయన జబ్బు గురించే

2024 డిసెంబరు 19న వరంగల్‌లో శారద కథకుడు పస్తం మొగిలయ్య కన్నుమూశారు. ఆ రోజు, మర్నాడు వచ్చిన వార్తలను వరసగా పెట్టుకుని చదివితే ఆయన మూత్రపిండాలు చెడిపోయిన సంగతి, డయాలసిస్ సంగతి, చూపు మందగించిన సంగతి, ఎవరెవరు సాయం చేశారన్న సంగతి వివరంగా తెలుస్తాయి. ఒక సినిమా చివర్లో పాడి అందరినీ ఏడిపించారని కూడా తెలుస్తుంది. ఆయనకు కథ చెప్పడం ఎవరు నేర్పారో, ఎన్ని కథలు వచ్చో, ఏ కథను ఎన్ని రాత్రులు నడిపించేవారో, భుజాన మోసిన శారద వాద్యాన్ని ఎవరు చేసి ఇచ్చారో నేను చదివిన వాటిలో ఒక్కదానిలోనూ లేదు. కర్ణాటక సంగీత విద్వాంసుడు ఒకరు పోతే గురువు పేరు, బాణీ, ఇష్టమైన రాగాలు, తయారైన శిష్యులు, ఏ సభలో ఏ కృతి పాడితే జనం లేచి నిలబడ్డారన్నది రాస్తారు. జానపద విద్వాంసుడు పోతే ఆస్పత్రి కాగితం చదివి వినిపిస్తారు. ఈ తేడా పొరపాటున వచ్చింది కాదనే నేను అనుకుంటున్నాను. మనం మొదటివాడిని పండితుడిగానూ రెండోవాడిని పేదవాడిగానూ చూడటానికి అలవాటు పడ్డాం.

‘బలగం’ సినిమా 2023 మార్చిలో వచ్చింది. చావు ఇంట్లో చివరి రోజున మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడిన పాట దాని ప్రాణం. తెలంగాణ పల్లెల్లో బొడ్రాయి దగ్గర తెర కట్టి ఊరంతా కలిసి ఆ సినిమా చూడటం, అన్నదమ్ములు కలిసిపోయారన్న వార్తలు, వరంగల్ జిల్లా దుగ్గొండి నుంచి మొగిలయ్యను నిమ్స్‌కు తీసుకువెళ్లడం, ఇవన్నీ పాఠకులకు గుర్తున్నవే కనుక వాటిని మళ్లీ చెప్పను. నాకు పట్టింపు ఉన్నది ఆ పాట వెనక ఉన్న విద్య మీద.

మొగిలయ్య బుడగ జంగాల కులానికి చెందినవారు. శారద కథలు వారి విద్య. భుజాన తంబుర లాంటి శారద, బొటనవేలికి లోపల గుండ్లు ఉండి గల్లుమనే లోహపు అందె, పక్కన డక్కీ అనే చిన్న వాద్యం వాయిస్తూ వంత పాడే మనిషి, చాలాసార్లు ఆ మనిషి భార్యే. కాంభోజరాజు కథ, బాలనాగమ్మ కథ, సర్వాయి పాపన్న కథ వంటివి రాత్రుల తరబడి సాగేవి. పుస్తకం ఎదురుగా పెట్టుకుని చెప్పేవి కావు. కథ ఎముకలు మాత్రం కంఠంలో ఉంటాయి, కండ అంతా ఆ రాత్రి ఎదుట కూర్చున్న వాళ్లను బట్టి పుడుతుంది. అయినా ఈ విద్యలో నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచేది రాజుల కథ కాదు, దినాల నాడు పాడే కథ. సినిమాలో మనం చూసింది దాని నీడను మాత్రమే.

హనుమకొండకు దగ్గరలోని ఒక ఊళ్లో పదకొండో రోజున ఒకసారి చూశాను. పొద్దున పది గంటల వేళ కథ చెప్పే దంపతులు వచ్చి, వేపచెట్టు కింద సంచి దించి, శారద విప్పకముందే ఇంటి పెద్ద కోడలిని పిలిపించుకున్నారు. పోయిన ముసలాయన పేరు, కొడుకులెందరు, బిడ్డలను ఏ ఊళ్లకు ఇచ్చారు, ఏ అల్లుడితో మాటలు లేవు, చివరి పూట ఏం తిన్నాడు అని ఒక్కొక్కటిగా అడిగారు. కాగితం లేదు, కలం లేదు. మాటల మధ్యలో ఆ కోడలు, మామ బాయికాడికి పోయేటప్పుడు ఎండాకాలం కూడా గొంగడి వదిలేవాడు కాదని నవ్వుతూ ఒక ముక్క అంది. అరగంట తర్వాత పాట మొదలైనప్పుడు ఆ గొంగడి పల్లవి అయి కూర్చుంది. గొంగడి దండెం మీద ఉంది, మనిషి ఏడి? ప్రతి చరణం తిరిగి తిరిగి అక్కడికే వచ్చింది. చిన్న బిడ్డ పేరు రావలసిన చోట కథకుడు గొంతు ఆపి, అందె ఒక్కటే ఆడిస్తూ, ఆమె ఎక్కడ కూర్చుందో కళ్లతో వెతుక్కుని, దొరికిన తర్వాతే పేరు ఎత్తుకున్నాడు. ఆ ఆగిన క్షణంలో అప్పటిదాకా ఫోన్ చూసుకుంటున్న కుర్రాళ్లు కూడా తలెత్తారు.

దీన్ని ఏమని పిలవాలి? అరగంటలో సేకరించిన పది పేర్లను, నాలుగు బంధుత్వాలను, ఒక పగను, ఒక గొంగడిని లయ తప్పకుండా గంటన్నర పాటు అల్లుకుపోవడాన్ని అవధాని వేదిక మీద చేస్తే ఆశుకవిత్వం అంటాం, శాలువా కప్పుతాం, బిరుదు ఇస్తాం. అవధానిని నేను తక్కువ చేయడం లేదు. ఆయనకు సమస్య ఇచ్చే పృచ్ఛకుడు తప్పు పట్టడానికి కూర్చుంటాడు, అది కఠినమైన పరీక్షే. కాని శారద కథకుడి ఎదుట కూర్చున్నది దుఃఖంలో ఉన్న ఇల్లు. అక్కడ ఒక పేరు తప్పినా, పెద్దల్లుడి ముందు చిన్నల్లుడిని పొగిడినా పాట పాడవడంతో ఆగదు, తగాదా లేస్తుంది. విడిపోయిన కొడుకులిద్దరినీ తండ్రి మాటగా ఒక్క చరణంలోకి తేవడానికి కవిత్వంతో పాటు కుటుంబాల లోతు తెలియాలి, మనుషుల ముఖం చదవడం తెలియాలి, ఎక్కడ ఆగాలో తెలియాలి. మొగిలయ్య జీవితమంతా చేసిన పని ఇది. దాన్ని ‘హృదయాలను కదిలించిన గాయకుడు’ అనే ఒక్క ముక్కలో మూటకట్టి పక్కన పెట్టేశాం.

ఇంకొక సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నివాళులు అన్నీ మొగిలయ్యకే రాశాం, కొమురమ్మ పేరు ‘భార్య’ అనే పదం పక్కన మాత్రమే కనిపించింది. శారద కథలో వంత పాడేవారు అలంకారం కాదు. కథకుడు ఊపిరి తీసుకునే చోట చరణాన్ని పడిపోనివ్వకుండా పట్టుకునేది, మాట తడబడితే డక్కీ దెబ్బతో తర్వాతి అడుగు అందించేది, కథకుడు అన్నదాన్ని ఔననో కాదనో ఎదురు పలికి కథలో మలుపు తెచ్చేది వంతే. ఆ సినిమా సన్నివేశాన్ని మరోసారి చూడండి, ఈసారి ఆయన వైపు కాకుండా ఆమె వైపు చూడండి. ఆయన పోయారంటే జంటలో సగం పోయినట్టు. మిగిలిన సగం కూడా ఆ విద్యే అని గుర్తించకుండా ఆమెను వితంతువుగా మాత్రమే పలకరిస్తే ఆ విద్యను మనమే చేతులారా సాగనంపినట్టు.

వెంటనే వచ్చే ఆక్షేపణ నాకు తెలుసు. మనిషి ఆస్పత్రిలో ఉన్నప్పుడు కావలసింది మందు, బాణీ గురించి వ్యాసం కాదు. వార్తలు జబ్బు గురించి రాశాయి కాబట్టే సాయం అందింది. సినిమా లేకపోతే దుగ్గొండి దాటి ఆయన పేరు ఎవరికీ తెలిసేది కాదు. ఇందులో నిజం ఉంది, సాయం చేసిన వారిని తప్పు పట్టే పని నాది కాదు. కాని విద్వాంసుడిగా ముప్పై ఏళ్ల ముందే గుర్తించి ఉంటే చివరి ఏడాదిన్నరలో కెమెరా ముందు కూర్చుని కష్టం చెప్పుకోవలసిన అవసరం పడేదా అన్న ప్రశ్నకు ఈ వాదన దగ్గర జవాబు లేదు.

2024ను ఒకసారి తిరగేస్తే ఇది ఒక్క మొగిలయ్య విషయం కాదని తేలుతుంది. జూన్‌లో మణుగూరు ప్రాంతపు సకిని రామచంద్రయ్య పోయారు. సమ్మక్క సారలమ్మల కథను, కోయ వంశాల చరిత్రను డోలు కొడుతూ నోటితోనే చెప్పగలిగిన మనిషి ఆయన. అక్టోబరులో గోండుల గుస్సాడి నృత్యానికి పేరైన కనకరాజు పోయారు. ఆ ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. డిసెంబరులో మొగిలయ్య. ఆర్నెల్లలో మూడు గ్రంథాలయాలు మూతపడ్డాయి. పద్మశ్రీ వచ్చినా బతుకు మారుతుందన్న హామీ లేదని ఇంకో మొగిలయ్య, అంటే పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్య, పురస్కారం అందుకున్న రెండేళ్లకే కూలిపనిలో కనిపించినప్పుడు రాష్ట్రమంతా చూసింది. పేరు కలవడంతో చాలామంది ఇద్దరినీ ఒకరే అనుకుంటారు. కిన్నెరకూ శారదకూ తేడా తెలియని చోట మనుషుల మధ్య తేడా ఎలా తెలుస్తుంది?

నా అసలు వాదన ఇక్కడి నుంచి మొదలవుతుంది. జానపద కళాకారుడికి మనం ఇచ్చేదంతా దానం కిందే ఇస్తున్నాం: పింఛను, ప్లాటు, ఆస్పత్రి ఖర్చు, ముఖ్యమంత్రి సహాయనిధి చెక్కు. ఏదీ హక్కు కింద ఇవ్వడం లేదు. దానం ఇచ్చేవాడి దయ మీద, కెమెరాల సంఖ్య మీద ఆధారపడుతుంది. హక్కుకు ఆ రెండూ అక్కర్లేదు. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించినప్పుడు, సినిమాలో తన ప్రదర్శనను చేర్చడానికి ఒప్పుకున్న కళాకారుడికి కూడా దాన్ని వ్యాపారానికి వాడుకుంటే రాయల్టీ పొందే హక్కు ఉంటుందని రాశారు. ప్రదర్శకుడి హక్కు 50 ఏళ్లు నిలుస్తుంది. మరుసటి ఏడాదే గాయకుల కోసం ఒక హక్కుల సంఘం కూడా ఏర్పడింది. అందులో శారద కథకులు, ఒగ్గు కథకులు, యక్షగాన కళాకారులు ఎందరున్నారో వెళ్లి అడగండి. ఏ ఒక్క సినిమా లెక్కనూ నేనిక్కడ విప్పడం లేదు, అది నా చేతిలో లేదు. నేను చెప్పేది పద్ధతి గురించి. తెర మీద పేర్లు పడేటప్పుడు సంగీత దర్శకుడికి, గీత రచయితకు పేరుంటుంది. బాణీ పల్లె నుంచి వచ్చినప్పుడు అక్కడ ‘జానపదం’ అని పడుతుంది. ఆ మాట వినడానికి గౌరవంగానే ఉంటుంది. దాని అర్థం మాత్రం ఎవరికీ డబ్బు ఇవ్వక్కర్లేదని. ‘బలగం’లోనే ఉన్న వేరే పాటకు 2025లో ప్రకటించిన జాతీయ పురస్కారాల్లో ఉత్తమ గీత రచన అవార్డు వచ్చింది, సంతోషమే. ఎదుట కూర్చున్న మనిషిని చూసి అప్పటికప్పుడు అల్లే పాటకు మాత్రం ఆ జాబితాలో ఒక గడి కూడా లేదు.

పల్లె విద్యను తీసుకుని పేరును వదిలేయడం మనకు కొత్త కాదు. సర్వాయి పాపడి పాటను జె.ఎ. బోయెల్ అనే ఇంగ్లీషు అధికారి 1874లోనే పత్రికలో అచ్చు వేయించాడు. ఆ వ్యాసం పుణ్యమా అని బోయెల్ పేరు నూట యాభై ఏళ్లు నిలిచింది. 1940లలో ప్రజానాట్యమండలి జంగం కథను చేతికి తీసుకుని బుర్రకథగా ఊరూరా తిప్పింది, షేక్ నాజర్ దాన్ని శిఖరానికి తీసుకువెళ్లారు, ఆయనకు 1986లో పద్మశ్రీ వచ్చింది. నాజర్ గొప్పతనాన్ని ఎవరూ కాదనలేరు. కాని ఆయనకు ముందు ఆ అందెను తరతరాలుగా మోసిన జంగాల్లో ఒక్క మనిషి పేరు చెప్పమంటే మనం నీళ్లు నములుతాం.

అందుకే మొగిలయ్య సంస్మరణ సభ పెట్టాలనుకునే వారికి నా సూచన ఒక్కటే: దండ వేసి, రెండు నిమిషాలు మౌనం పాటించి, నాయకుడి ఉపన్యాసం విని వచ్చే సభ వద్దు. వరంగల్‌లోనే తెలుగు విశ్వవిద్యాలయపు జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది. దుగ్గొండి అక్కడి నుంచి దూరమేమీ కాదు. ఒక మంచి మైకు, ఒక కెమెరా, పాట తెలిసిన ఒక పరిశోధకుడు, రోజుకింతని ముందే మాట్లాడుకున్న పారితోషికం, రికార్డు మీద హక్కు పాడినవారిదేనన్న ఒప్పందపత్రం తీసుకుని కొమురమ్మ ఇంటికి వెళ్లాలి. ఆమె చెప్పగలిగిన కథ ఒక్కొక్కటి ఎన్ని రాత్రుల పొడవో, ఏది అత్తింటి నుంచి వచ్చిందో, ఏది పుట్టింట్లో నేర్చుకున్నదో, మొగిలయ్య ఎక్కడ ఆగితే ఆమె ఎక్కడ అందుకునేదో ఆమెనే అడిగి రాసుకోవాలి. ఆమె డక్కీ వాయించే వేళకే వెళ్లాలి, వాళ్ల వీలు చూసుకుని.