జర్మనీలో ఉండాలంటే జర్మన్ రావాల్సిందే

పరాయి దేశం వెళ్ళినవాళ్ళు అక్కడి భాష నేర్చుకోవాలా అన్న చర్చ యూరప్‌లో ఎన్నికలు వచ్చినప్పుడల్లా లేస్తూనే ఉంటుంది. ఈమధ్య అది మన ఇళ్ళలోకీ వచ్చింది. అమెరికా వీసాల టెన్షన్ పెరిగిన దగ్గర్నుంచి మన కన్సల్టెన్సీలు జర్మనీ పేరు జపిస్తున్నాయి. ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలావరకు ట్యూషన్ ఫీజు లేదు, మాస్టర్స్ ఇంగ్లీషులో చదవొచ్చు, చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల గడువు ఉంది. 2023-24లో అక్కడ చదువుకుంటున్న భారతీయ విద్యార్థులు 49 వేల పైచిలుకు. చైనా వాళ్ళను దాటి మనమే మొదటి స్థానంలో ఉన్నాం. నైపుణ్యం ఉన్న భారతీయులకు ఏటా ఇచ్చే వీసాలను 20 వేల నుంచి 90 వేలకు పెంచుతామని జర్మనీ ప్రభుత్వం 2024 అక్టోబరులో ప్రకటించింది. ఇదంతా పాఠకులకు తెలిసిందే.

ఈ ప్రచారం మొత్తంలో నన్ను భయపెట్టే మాట ఒకటుంది: 'జర్మన్ రాకపోయినా ఫర్వాలేదు, అక్కడంతా ఇంగ్లీషే.' పిల్లల భవిష్యత్తును తాకట్టు పెట్టించే మాట ఇది. జర్మనీలో స్థిరపడాలనుకునే ప్రతి ఒక్కరూ జర్మన్ నేర్చుకోవాలి. అయితే అక్కడి నాయకులు వేదికలెక్కి చెప్పే కారణం వేరు, నా కారణం వేరు. వాళ్ళు తమ సంస్కృతి గురించి, విధేయత గురించి మాట్లాడతారు. వాళ్ళ సంస్కృతి సంగతి వాళ్ళు చూసుకుంటారు. నేను మాట్లాడుతున్నది మనవాళ్ళ హక్కుల గురించి. భాష రానివాడు తన హక్కు ఏ కాగితంలో ఉందో కూడా తెలుసుకోలేడు.

స్టుట్‌గార్ట్‌లో పనిచేసే మన ఇంజినీరు ఒకరిని ఊహించుకోండి. ఐదేళ్ళుగా టీమ్‌లో అందరూ ఇంగ్లీషే మాట్లాడుతున్నారు, ఏ ఇబ్బందీ లేదు. కార్ల పరిశ్రమకు గడ్డుకాలం వచ్చింది. ఒకరోజు హెచ్ఆర్ వాళ్ళు పిలిచి రెండు పేజీల కాగితం ముందు పెట్టారు. ఇద్దరం ఒప్పుకుని ఉద్యోగం ముగిద్దాం, కొంత డబ్బిస్తాం, సంతకం పెట్టండి అని ఇంగ్లీషులో మర్యాదగానే చెప్పారు. కాగితం మాత్రం జర్మన్‌లో ఉంది. దాని మీద సంతకం పెడితే కంపెనీ తీసేసినట్టు కాదు, తానే ఒప్పుకుని వెళ్ళిపోయినట్టు. నిరుద్యోగ భృతి 12 వారాల దాకా ఆగిపోవచ్చు. తర్వాత కోర్టుకు వెళ్దామన్నా దారి దాదాపు మూసుకుపోయినట్టే.

సంతకం పెట్టలేదనుకుందాం. కంపెనీ నోటీసు ఇచ్చి తీసేసింది. ఆ నోటీసు చేతికందిన 3 వారాల్లోపు లేబర్ కోర్టులో కేసు వేయాలి. ఆ గడువు దాటితే తొలగింపు ఎంత అన్యాయమైనా సరే, చట్టం దృష్టిలో చెల్లినట్టే. నిజానికి ఉద్యోగి పక్షాన జర్మన్ చట్టం చాలా గట్టిది. కంపెనీలో కార్మికులు ఎన్నుకున్న కౌన్సిల్ ఉంటే, దాని అభిప్రాయం అడగకుండా ఎవరినీ తీసేయడానికి వీల్లేదు, తీసేసినా అది చెల్లదు. లేబర్ కోర్టులో మొదటి దశకు లాయరు అక్కర్లేదు. మనం చెప్పింది విని పిటిషన్ రాసిపెట్టే సిబ్బంది కోర్టులోనే ఉంటారు. ఇంతకంటే ఏం కావాలి? కానీ కౌన్సిల్ సభ్యుడి దగ్గర గోడు వెళ్ళబోసుకోవాలన్నా, ఆ పిటిషన్ రాయించుకోవాలన్నా జర్మన్ రావాలి. కోర్టు భాష జర్మన్ అని చట్టంలోనే రాసి ఉంది. ప్రభుత్వ కార్యాలయాల భాషా అదే. రోజూ ఇంగ్లీషు మాట్లాడిన కంపెనీ కూడా గొడవ వచ్చిన రోజున జర్మన్‌లోనే ఉత్తరం పంపుతుంది.

అద్దె ఇంటి సంగతీ అంతే. ఏడాదికోసారి హీటింగ్, నీళ్ళు, చెత్త ఖర్చుల లెక్క తేల్చి ఇంటి యజమాని బిల్లు పంపుతాడు. అందులో తప్పుంటే అభ్యంతరం చెప్పుకోవడానికి అద్దెదారుకు 12 నెలల గడువుంది. మనవాళ్ళలో ఎంతమంది ఆ లెక్కను చివరిదాకా చదువుతున్నారు? అడిగిందేదో కట్టేసి ఊరుకోవడమే చాలామందికి అలవాటు.

ఇక చరిత్ర చూద్దాం, ఈ పాఠం జర్మనీకి కొత్తేమీ కాదు. యుద్ధం తర్వాత కూలీలు చాలక పశ్చిమ జర్మనీ 1955లో ఇటలీతో, 1961లో టర్కీతో ఒప్పందాలు చేసుకుంది. మధ్యలో స్పెయిన్, గ్రీసు వంటి దేశాలతోనూ చేసుకుంది. 1973 నవంబరులో ఆ తలుపు మూసేలోపు దాదాపు 1 కోటి 40 లక్షల మంది వచ్చారు. వాళ్ళలో సుమారు 1 కోటి 10 లక్షల మంది వెనక్కి వెళ్ళిపోయారు. కొన్నేళ్ళు పనిచేసి పోయేవాళ్ళేగా అన్న లెక్కతో వాళ్ళకు భాష నేర్పే బాధ్యత ప్రభుత్వం తలకెత్తుకోలేదు. హాస్టళ్ళలో పడుకోబెట్టారు, మెషీన్ల ముందు నిలబెట్టారు, యజమాని మాట వినిపించడానికి దుబాసీలను పెట్టారు. ఎవరి మాట ఎవరికి చేరాలో ఆ ఏర్పాటులోనే తెలిసిపోతుంది.

1973 ఆగస్టులో, తలుపు మూసుకోవడానికి మూడు నెలల ముందు, రైన్ నది ఒడ్డున రెండు సమ్మెలు జరిగాయి. నోయిస్ పట్టణంలో కార్బురేటర్లు తయారుచేసే పియర్‌బుర్గ్ ఫ్యాక్టరీలో వలస వచ్చిన ఆడవాళ్ళు పని ఆపేశారు. గ్రీసు, టర్కీ, యుగోస్లావియా, స్పెయిన్ నుంచి వచ్చినవాళ్ళు. తేలిక పని అన్న సాకుతో వాళ్ళను అన్నిటికంటే తక్కువ జీతం ఉండే తరగతిలో పడేశారు. జీతం గంటకు ఒక మార్కు (అప్పటి జర్మన్ కరెన్సీ) పెంచమన్నారు. కొన్ని రోజులకు జర్మన్ కార్మికులు కూడా వచ్చి వాళ్ళ పక్కన నిలబడ్డారు. కంపెనీ దిగొచ్చి ఆ అట్టడుగు తరగతిని రద్దు చేసింది. అదే నెల చివరి వారంలో, అక్కడికి దగ్గర్లోనే ఉన్న కొలోన్ ఫోర్డ్ ఫ్యాక్టరీలో టర్కీ కార్మికులు సమ్మెకు దిగారు. సెలవుల నుంచి ఆలస్యంగా వచ్చారని సుమారు 300 మందిని తీసేయడం అందుకు కారణం. మొదట కలిసొచ్చిన జర్మన్ కార్మికులు చాలామంది తర్వాత వెనక్కి తగ్గారు. పత్రికలు అదేదో టర్కుల దాడి అన్నట్టు రాశాయి. ఆగస్టు 30న పోలీసులు సమ్మె నాయకులను పట్టుకెళ్ళడంతో అది ముగిసిపోయింది.

ఈ రెండు సమ్మెల ఫలితాలకు భాష ఒక్కటే కారణమని నేను అనను. నోయిస్ ఆడవాళ్ళకు కూడా జర్మన్ అంతంతమాత్రమే. కానీ ఒకచోట పక్క మెషీను మీద పనిచేసే జర్మన్ మనిషి ఆ బాధ తనదే అనుకున్నాడు, ఇంకోచోట అనుకోలేదు. తోటి పనివాడికి మన బాధ చెప్పుకోగలిగినప్పుడే మన సమస్య అందరి సమస్య అవుతుంది. కార్మికులకు ఒకరి మాట ఒకరికి అర్థం కాకపోతే లాభపడేది యజమానే. గల్ఫ్ వెళ్ళొచ్చిన జగిత్యాల, నిజామాబాద్ కుటుంబాలకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. అర్థం కాని అరబ్బీ కాగితాల మీద సంతకాలు పెట్టి వాళ్ళు పడ్డ పాట్లు తక్కువేం కాదు.

ఆ పాత తప్పును జర్మనీ 50 ఏళ్ళ తర్వాత చట్టంలోనే సరిదిద్దుకుంది. 2024 జూన్ 27న అమల్లోకి వచ్చిన పౌరసత్వ చట్టం ప్రకారం, 1974 జూన్ నెలాఖరులోపు పశ్చిమ జర్మనీకి వచ్చిన ఆ తరం కార్మికులకు రాత పరీక్ష లేదు. రోజువారీ పనులకు మాట్లాడగలిగితే చాలు. మేం నేర్పలేదు కాబట్టి అడగలేం అని ఒప్పుకున్నట్టే కదా. వలస వచ్చినవాళ్ళ కోసం 2005 నుంచి అక్కడ నడుస్తున్న ఇంటిగ్రేషన్ కోర్సులు కూడా ఆ అనుభవంలోంచి పుట్టినవే. ఇప్పుడు వాటిలో మామూలుగా 600 పీరియడ్లు భాష, 100 పీరియడ్లు చట్టం, చరిత్ర, సమాజం. చేరాల్సిన లక్ష్యం బి1 స్థాయి (భాషకు ఏ1 నుంచి సి2 దాకా ఆరు మెట్లు, బి1 మూడోది). నేర్చుకోమని అడిగే దేశం ముందు నేర్పించాలి. నేర్పే దేశానికే అడిగే అర్హత ఉంటుంది.

భాష పరీక్షలను వలస వచ్చేవాళ్ళను ఆపే గోడలా వాడుకుంటున్నారనే వాదన ఉంది, అది పూర్తిగా తప్పని చెప్పలేను. భార్యాభర్తల వీసాకు పెట్టిన భాష నిబంధన టర్కీ పౌరుల విషయంలో చెల్లదని 2014లో యూరప్ న్యాయస్థానమే చెప్పింది. బెర్లిన్ స్టార్టప్‌లలో ఇంగ్లీషుతోనే లక్షలు సంపాదిస్తున్నవాళ్ళున్నారు, ఫోన్‌లో అనువాదం చేసే యాప్‌లున్నాయి, అదీ నిజమే. కానీ పరీక్ష క్రూరంగా ఉంటే దాన్ని మార్చమని పోరాడాలి, నేర్చుకోవడం ఎందుకు మానాలి? యాప్ ఉత్తరాన్ని అనువదిస్తుంది, ఆ ఉత్తరానికి ఎదురు చెప్పే ధైర్యాన్ని ఇవ్వదు. స్టార్టప్ మూతపడితే తర్వాతి ఉద్యోగం చిన్న పట్టణంలో, జర్మన్ మాత్రమే మాట్లాడే కంపెనీలో దొరకొచ్చు.

నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది మన ఆడపిల్లల పరిస్థితి. జర్మనీలో ఉన్న భర్త లేదా భార్య దగ్గరకు వెళ్ళాలంటే ముందే ఏ1 పరీక్ష పాసవ్వాలన్న నిబంధన 2007 నుంచి ఉంది. బ్లూ కార్డు (పెద్ద చదువు, మంచి జీతం ఉన్న ఉద్యోగులకిచ్చే నివాస అనుమతి) మీద వెళ్ళినవాళ్ళ కుటుంబాలకు దాని నుంచి మినహాయింపు. మన సాఫ్ట్‌వేర్ కుటుంబాలు దీన్ని అదృష్టంగా భావిస్తాయి. పెళ్ళయింది, వీసా వచ్చింది, విమానం ఎక్కేశారు. అమ్మాయి బీటెకో, ఎంఫార్మసీయో చదివింది, హైదరాబాద్‌లో ఉద్యోగం చేసింది. జర్మనీలో అడుగుపెట్టిన రోజు నుంచే పనిచేసే హక్కు కూడా ఆమెకుంది. కానీ ఆమె చదివిన రంగంలో చాలా ఉద్యోగాలకు జర్మన్ అడుగుతారు. మొదటి ఏడాది నేర్చుకుందాంలే అనుకుంటుంది. రెండో ఏడాది పాప పుడుతుంది. మూడో ఏడాది ఆ మాటే వినపడదు.

ఆ అమ్మాయి గైనకాలజిస్టు దగ్గరకు వెళ్ళిన దృశ్యం ఎలా ఉంటుందో ఆలోచించండి. ఇంగ్లీషు మాట్లాడే డాక్టరు దొరికితే సరే. దొరకకపోతే డాక్టరు భర్తను అడుగుతుంది, భర్త ఆమెను అడుగుతాడు, ఆమె చెప్పింది ఆయన తనకు తోచినట్టు కుదించి చెబుతాడు. ఒంట్లో నలత ఆమెది, దాన్ని చెప్పేది ఆయన. ఆయన ముందు చెప్పలేనిదేదైనా ఉంటే అది గది దాటి బయటికి రాదు. బ్యాంకు ఉత్తరం ఆయనే చదవాలి, ఇంటి యజమానితో ఆయనే మాట్లాడాలి, వీసా ఆఫీసుకు ఆయనే వెళ్ళాలి. కిండర్‌గార్టెన్‌లో నాలుగేళ్ళ పాప టీచరు చెప్పింది అమ్మకు తెలుగులో చెబుతుంది. భర్త ఎంత మంచివాడైనా కావొచ్చు. ఇంట్లో ఒక్కరికే భాష వస్తే పెత్తనం కూడా ఆ ఒక్కరి చేతిలోకే పోతుంది. అతను మంచివాడు కానప్పుడు ఆమె ఎవరితో చెప్పుకోవాలి?

అందుకే ఆ మినహాయింపు మనకు చేసిన మేలని నేను అనుకోను. ఏ1 అంటే పేరు, అడ్రసు, ఒంట్లో ఎక్కడ నొప్పో చెప్పుకోగలిగేంత భాష. దానికి నాలుగైదు నెలలు చాలు. పెళ్ళికి ముందు డెస్టినేషన్ ఫొటోషూట్‌కు పెట్టే శ్రద్ధలో సగం చాలు.

జర్మనీ తన చట్టాల్లో భాషకు ఎంత విలువ కట్టిందో చూస్తే ఇంగ్లీషు చాలనే కన్సల్టెన్సీల మాట ఎంత డొల్లో తెలుస్తుంది. అక్కడికెళ్ళి ఉద్యోగం వెతుక్కునేవాళ్ళ కోసం 2024 జూన్‌లో మొదలైన ఆపర్చ్యునిటీ కార్డుకు బి2 ఇంగ్లీషుతో దరఖాస్తు చేసుకోవచ్చు, నిజమే. కానీ పాయింట్ల పట్టిక దగ్గరికొస్తే ఇంగ్లీషు సి1 ఉంటే 1 పాయింటు. జర్మన్ ఏ2కి 1, బి1కి 2, బి2కి 3. బ్లూ కార్డు ఉన్నవాళ్ళకు ఏ1తో శాశ్వత నివాసం 27 నెలలకు వస్తుంది, బి1 ఉంటే 21 నెలలకే. పౌరసత్వానికి బి1 తప్పనిసరి. మొదట్లో ఇంగ్లీషుతో రమ్మంటారు, ముందుకు పోయేకొద్దీ ప్రతి మెట్టు దగ్గరా జర్మన్ అడుగుతారు.

మన దగ్గర జర్మన్ నేర్చుకుని మరీ అక్కడికి వెళ్తున్నది ఎవరో తెలుసా? నర్సులు. రోగితో మాట్లాడలేని నర్సును ఏ ఆసుపత్రీ పెట్టుకోదు కాబట్టి నర్సుగా గుర్తింపు పొందడానికి సాధారణంగా బి2 అడుగుతారు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు ముందు జర్మన్ నేర్పించి తర్వాత పంపుతోంది. కేరళలో నోర్కా కూడా అదే పని చేస్తోంది. పేదింటి నుంచి వచ్చిన నర్సు నెలల తరబడి క్లాసులో కూర్చుని ఆ స్థాయికి చేరుతోంది. వీసా కోసం ఏడాది ఖర్చు కింద చూపించాల్సిన 11,904 యూరోలు ఖాతాలో కట్టి, లక్షల్లో లోను తీసుకుని వెళ్తున్న ఇంజినీరింగ్ పిల్లలు మాత్రం హలో, థాంక్యూలతో దిగుతున్నారు. రెండేళ్ళ తర్వాత డిగ్రీ చేతిలో ఉంటుంది, ఇంటర్వ్యూకు పిలుపు రాదు, 18 నెలల గడువు నెలనెలా కరిగిపోతుంటుంది.

టామ్‌కామ్ ఆ క్లాసుల తలుపులు విద్యార్థులకూ, డిపెండెంట్ వీసా మీద వెళ్ళే భార్యలకూ తెరవాలి. వరంగల్, కరీంనగర్ లాంటి చోట్ల కూడా పెట్టాలి. ఆంధ్రప్రదేశ్‌లో గుంటూరు, తిరుపతి, విశాఖపట్నం పిల్లలకు ఆ ప్రభుత్వం అలాంటి ఏర్పాటే చేయాలి. కమీషన్ తీసుకునే కన్సల్టెన్సీలు ఏ కోర్సు తర్వాత ఉద్యోగానికి ఏ స్థాయి జర్మన్ అడుగుతారో రాతపూర్వకంగా ఇవ్వాలని నిబంధన పెట్టాలి. తల్లిదండ్రులు లోను కాగితాల మీద సంతకం పెట్టేముందు ఆ కాగితం కూడా అడిగి తీసుకోవాలి. వీసా అపాయింట్‌మెంట్ కోసం నెలల తరబడి ఎదురుచూస్తూ కూర్చునే కాలంలోనే ఏ1, ఏ2 అయిపోతాయి. పెళ్ళి చేసుకుని వెళ్ళేవాళ్ళయితే ఇద్దరూ ఒకే క్లాసులో చేరాలి, ఫీజు ఒక్కరికే సరిపోయేలా ఉంటే ముందు అమ్మాయి పేరు రాయించండి.