కంపెనీ తప్పుకుంటే కోహా చస్తుందా?

"ఓపెన్ సోర్స్ మొత్తం పెద్ద కంపెనీల చేతిలోకి పోయింది. వాళ్లు జీతాలు ఆపిన రోజే సాఫ్ట్‌వేర్ చస్తుంది. లైబ్రరీల్లో కోహా తీసేసి లైసెన్సుది కొనండి." కోహా అంటే లైబ్రరీ పుస్తకాల జాబితా, ఇచ్చిపుచ్చుకోడం చూసే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉండేది. నల్గొండ, మహబూబ్‌నగర్ కాలేజీల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న మెసేజ్ సారం ఇది.

మొదటి మాట సగం నిజం. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ లాంటి కెర్నల్‌లో మార్పులు ఎక్కువగా జీతగాళ్లవే. అయితే ఆ జీతాలిచ్చేది ఇంటెల్, రెడ్‌హ్యాట్, గూగుల్ లాంటి అనేక కంపెనీలు. ఒకటి తప్పుకుంటే పని ఆగదు. భయపడాల్సింది ఒక్క బోరు మీద బత్తాయి తోట పెట్టినట్టు ఒకే కంపెనీ మీద నడిచే ప్రాజెక్టుల గురించి. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌ను నడిపించే కోర్ బృందంలో ఒకే కంపెనీ వాళ్లు సగం దాటకూడదన్నది కట్టుబాటు. 2020లో ఒక కంపెనీ ఇంకోదాన్ని కొనడంతో ఐదుగురిలో ముగ్గురు ఒకే గొడుగు కిందికొచ్చారు. ఇంకో ఇద్దరిని చేర్చుకొని ఏడుగురయ్యారు.

"అదే రోజు చస్తుంది" అన్నది తప్పు. 2010లో సన్ కంపెనీని ఒరాకిల్ కొన్నాక, సన్ చేతిలోని ఓపెన్‌ఆఫీస్ రాసేవాళ్లలో చాలామంది విడిపోయి లిబ్రేఆఫీస్ పెట్టుకున్నారు. రెడిస్ అనే డేటాబేస్ 2024 మార్చిలో లైసెన్సు మార్చింది. అప్పటికే బీఎస్‌డీ అనే స్వేచ్ఛా లైసెన్సు కింద విడుదలైన 7.2.4 వెర్షన్‌ను ఎవరూ వెనక్కి తీసుకోలేరు కాబట్టి దాని మీదే వాల్కీ అనే వేరు ప్రాజెక్టు మొదలైంది. అయితే వేరుపడటం పుణ్యానికి రాదు. ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా 2020లో సర్వో అనే బ్రౌజర్ ఇంజిన్ బృందాన్ని తీసేశాక ఆ ప్రాజెక్టు రెండేళ్లకు పైగా కుంటింది.

కోహాదీ అలాంటి కథే. న్యూజిలాండ్ హొరోవెనువా లైబ్రరీలో 2000లో వాడకంలోకి వచ్చింది. 2010 నాటికి ఒక అమెరికా కంపెనీతో పేచీ వచ్చింది. కోడ్ అందరిదే, పాత వెబ్ చిరునామా మాత్రం కంపెనీ దగ్గరే మిగిలింది. సముదాయం కొత్త చిరునామాకు మారి పని సాగించింది. కోడ్ ఎవరిదని అడిగేవాళ్లు చాలామంది. పేరు ఎవరిదని అడిగేవాళ్లు తక్కువ.

మెసేజ్‌కు కొందరు తగిలించిన తోక: "జీతం లేనివాళ్లు రాసిందే పదిలం." అదీ నిలవదు. ఇంటర్నెట్‌లో సమాచారాన్ని రహస్యంగా పంపే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే పెద్ద లోపం బయటపడ్డ 2014లో, దానికి పూర్తికాలం పనిచేసేది ఒక్కరే. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ నిర్వాహకుడు ఒంటరిగా అలసిపోయాడు. సాయం పేరుతో వచ్చిన ఒకరు రెండేళ్లకు పైగా నమ్మకం కూడగట్టి 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి (బ్యాక్‌డోర్) పెట్టాడు. 2024లో దాన్ని పట్టింది ఒక కంపెనీ జీతగాడే, లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని.

ఏ ప్రాజెక్టుకైనా చూసే పద్ధతి సులువే. కోడ్ మార్పులను ఎవరు చేశారో చూపే గిట్ షార్ట్‌లాగ్ ఆదేశాన్ని గత 12 నెలలకు నడిపి, ఈమెయిల్ డొమైన్ల (@ తర్వాతి భాగం) వారీగా కమిట్లు, అంటే చేర్చిన మార్పులు, లెక్కపెట్టండి. ఒకే డొమైన్ సగం దాటితే అనుమానించాలి. జీమెయిల్ వెనక కంపెనీ వాళ్లు దాగుతారు కాబట్టి పేర్లూ చూడాలి. పంపిన కోడ్ మీద హక్కులు కంపెనీకి రాసిచ్చే ఒప్పందం ఉందా అన్నది రెండో ప్రశ్న.

ఇక "లైసెన్సుది కొనండి". అమ్మిన కంపెనీ మూతపడితే కోడ్ కూడా దక్కదు. కొనేవాళ్లు లైబ్రరీలు వాడే మార్క్ (MARC) ఫార్మాట్‌లో మొత్తం క్యాటలాగ్ బయటికి వస్తుందా అని సంతకానికి ముందే అడగాలి. కోహాలో అది వస్తుంది. అసలు ముప్పు వేరే చోట ఉంది: డెబియన్ లినక్స్ మీద కోహా పెట్టే ప్యాకేజీ రోజూ తీసే బ్యాకప్ అదే సర్వర్ డిస్కులో పడుతుంది, మామూలుగా రెండు రోజులవే ఉంటాయి. డిస్కు పోతే అసలు క్యాటలాగ్, బ్యాకప్ రెండూ పోతాయి. బ్యాకప్‌ను రోజూ వేరే డిస్కుకు తీయండి, నెలకోసారి వేరే కంప్యూటర్‌లో రిస్టోర్ చేసి పుస్తకాల సంఖ్య సరిపోయిందో చూడండి.