పొగబెట్టే యంత్రం

(మారతహళ్ళి. అద్దె ఇల్లు, మూడో అంతస్తు. ఆదివారం పొద్దున. చెప్పుల స్టాండు మీద టేపు వేసిన చిన్న అట్టపెట్టె. శేఖరం ఫోన్లో మునిగి ఉన్నాడు.)

శేఖరం: పద్మా, ఇదే కొంటున్నా. ఆఫ్‌సెట్ స్మోకర్, మాంసాన్ని పొగలో వండేది. పక్కన నిప్పుల పెట్టె, పైన గొట్టం. అచ్చం రైలింజనే!

పద్మ: మేడ మీదికి ఏ పట్టాల మీద ఎక్కిస్తారో! రేకు మందం ఎంతట?

శేఖరం: ఒకటిన్నర మిల్లీమీటరు.

పద్మ: మంచివాటికి ఆరుంటుంది. ఆ పల్చటి రేకు వేడి నిలుపుకోదు, సందుల్లోంచి పొగ పోతుంది. పైగా అరగంటకో ముప్పావుగంటకో ఓ కట్టె వేస్తూ కూర్చోవాలి. మన మేడ మీద ఆషాఢ గాలికి దండెం మీద లుంగీయే నిలవదు, నిప్పు నిలుస్తుందా?

శేఖరం: అయితే పెల్లెట్ది. బటన్ నొక్కితే చాలు.

పద్మ: పెల్లెట్లు, అదే ఆ రంపంపొట్టు గుళికలు, తోసేది మోటారు, గాలి ఊదేది ఫ్యాను. కరెంటు పోతే?

శేఖరం: జనరేటరు...

పద్మ: లిఫ్టుకే దిక్కులేదు.

శేఖరం: సరే, బుల్లెట్!

పద్మ: మళ్ళీ బండి గొడవా?

శేఖరం: బుల్లెట్ స్మోకరే బాబూ! కింద బొగ్గు, మధ్యలో నీళ్ళ పళ్ళెం, పైన మాంసం.

పద్మ: అది మంచిదే. కానీ మీ మోజు సంగతి నాకు తెలీదా? ట్రెడ్‌మిల్ మీద దుప్పట్లు ఆరేస్తున్నాం. మూతున్న గుండ్రటి కెటిల్ గ్రిల్ కొనండి, 57 సెంటీమీటర్లది. మోజు తీరాక కబాబులైనా కాల్చుకోవచ్చు.

శేఖరం: దాంట్లో పొగెలా పెడతాం?

పద్మ: బొగ్గు బిళ్ళలు అంచు వెంబడే అర్ధచంద్రంలా పేర్చాలి. కింద రెండు వరసలు, వాటి మీద ఇంకో రెండు. ఒక కొసన ఎనిమిదో పదో రాజేసిన బిళ్ళలు పెడితే నిప్పు పాకుతూ పోతుంది. మొదటి సగం మీద నాలుగైదు ఎండు మామిడి ముక్కలో, జామ ముక్కలో. మధ్యలో నీళ్ళ పళ్ళెం, దానికి పైన జాలీ మీద మాంసం. మూత కన్నం మాంసం వైపు ఉండాలి, పొగ దాని మీదుగా పోయేట్టు.

శేఖరం: ఆ కన్నం మూసేస్తే పొగంతా లోపలే ఉంటుందిగా!

పద్మ: ఉంటుంది, మాంసం చేదెక్కుతుంది. పై కన్నం ఎప్పుడూ తెరిచే ఉంచాలి. వేడి తగ్గాలంటే కిందిది కాస్త మూయాలి, మూసి పావుగంట ఆగాలి. మీరు ఫ్యాను రెగ్యులేటరులా నిమిషానికోసారి తిప్పితే 110, 120 డిగ్రీల మధ్య ఏనాటికీ నిలవదు. పొగ పల్చగా, నీలంగా రావాలి. తెల్లగా కమ్ముకొస్తే గాలి చాలట్లేదని.

శేఖరం: కట్టెలు నానబెట్టాలటగా?

పద్మ: నీళ్ళు తాగించడం, అవి ఆవిరయ్యేదాకా కాపలా కాయడం. ఎందుకండీ?

శేఖరం: సోఫా వచ్చిన పెట్టె చెక్కలున్నాయి...

పద్మ: పైన్ అయితే బంక, ప్లైవుడ్ అయితే జిగురు. ముట్టుకోకండి.

శేఖరం: పోనీ బాల్కనీలో వెలిగిద్దామా? అద్దాలు మూస్తే గాలి బెడదే ఉండదు.

పద్మ: మనమూ ఉండం! బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, వాసన కూడా ఉండదు. మేడ మీదే పెట్టాలి. ప్లాస్టిక్ ట్యాంకుకి దూరంగా, కిందింటావిడ చీరలు తీశాక.

శేఖరం: అయితే మీ అమ్మగారొచ్చినప్పుడు పెడదాం.

పద్మ: ఏంటీ, మా అమ్మకి పొగబెడతారా?

శేఖరం: మటన్‌కే! మటన్‌కి!

పద్మ: ముందు కోడితో నేర్చుకోండి. దానికి మాత్రం 150 దాటాలి, లేకపోతే తోలు రబ్బరే. లోపల 74 వస్తే దించేయొచ్చు. మటన్ భుజం ఐదారు గంటలు. 65, 75 మధ్య ఎక్కడో వేడి ఎక్కడం ఆగిపోతుంది.

శేఖరం: బొగ్గు అయిపోయా?

పద్మ: చెమట ఆరితే ఒళ్ళు చల్లబడదూ? అదే. తడి ఆవిరవుతూ మాంసాన్ని చల్లబరుస్తుంది. మీరు కంగారుపడి బొగ్గు గుమ్మరించకండి. అల్యూమినియం రేకు చుట్టి 93 దాకా పోనివ్వండి.

శేఖరం: మూత మీద మీటరుంటుందిలే.

పద్మ: అది మూత కింది వేడి చెబుతుంది, మాంసం సంగతి దానికేం తెలుసు? రెండు సూదుల థర్మామీటరు కావాలి. ఒకటి జాలీ దగ్గర, ఒకటి మాంసంలో. గ్రిల్ కంటే ముందు అది కొనండి.

శేఖరం: కొన్నా! ఉత్త అబద్ధాలకోరు. అదిగో, చెప్పుల స్టాండు మీద. కొరియరబ్బాయి వస్తాడు, వాపసు.

పద్మ: ఏం చేసింది పాపం?

శేఖరం: కుతకుత మరిగే నీళ్ళలో పెట్టా. 100 చూపాలా వద్దా? ముక్కి మూలిగి 97. రెండు సూదులూ అంతే, కూడబలుక్కున్నట్టు!

పద్మ: ఏమండీ... బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. ఇక్కడ నీళ్ళు మరిగేదే 97 దగ్గర.

(కాలింగ్ బెల్.)

శేఖరం: (గొంతు తగ్గించి) ...ఇంట్లో ఎవరూ లేరని చెప్పు.

పద్మ: నేను చెబితే ఉన్నట్టు కాదుటండీ?